బుడ్డలు పెరికే నెలలో కూలిన బజారు

పాలమూరు నూరేళ్ళ కథ – తొమ్మిదో భాగం

1929 అక్టోబరు 24, గురువారం. న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో షేర్ల ధరలు పడడం మొదలైంది. మంగళవారానికి, అంటే 29వ తేదీకి, బజారు మొత్తం కూలిపోయింది. నిజాం రాజ్యంలో అప్పటికి ఫసలీ 1339 మొదలై నెల కూడా నిండలేదు. నడిగడ్డలో, వనపర్తి చెలకల్లో, నాగర్‌కర్నూలు దుబ్బనేలల్లో బుడ్డలు, అంటే వేరుశనగ, పెరికే రోజులవి. చెట్లు పెరికి కుప్పలు వేయడం, కాయ తెంపి ఆరబోయడం, షావుకారు బండి కోసం ఎదురుచూడడం అప్పటి పని. ఆ చేలల్లో న్యూయార్క్ పేరు విన్నవాళ్ళు ఉండి ఉండరు. అయినా వాళ్ళ కాయకు ధర కట్టే దారి న్యూయార్క్, లండన్, మార్సేల్స్‌ల మీదుగానే వచ్చేది.

గత భాగంలో 1918 సంగతి చూశాం. వానలు ఎగ్గొట్టాయి, వెంటనే విషజ్వరం వచ్చింది. హైదరాబాదు రాజ్య జనాభా 1911లో 1 కోటి 33 లక్షల 74 వేలు. 1921 లెక్కల నాటికి 1 కోటి 24 లక్షల 71 వేలు. పదేళ్ళలో పెరగాల్సిన జనం 9 లక్షలు తగ్గారు. అదే జ్వరానికి అమెరికాలో సుమారు 6 లక్షల 75 వేల మంది పోయారు. ఆ తర్వాత పదేళ్ళు రెండు దేశాలవీ రెండు దారులు. అక్కడి పట్టణాల్లోకి కార్లు, రేడియోలు, వాయిదాల మీద సామాను వచ్చాయి. ఆడవాళ్ళకు 1920లో ఓటు వచ్చింది. అదే ఏడాది దేశమంతా మద్యం నిషేధించారు. ఇక్కడ రాజ్య ఖజానాకు పెద్ద ఆదాయాల్లో ఒకటి ఆబ్కారీ. తాటిచెట్టు, ఈతచెట్టు లెక్కపెట్టి పన్ను కట్టించుకున్న రాజ్యంలో మద్యనిషేధం మాట ఎత్తేవాళ్ళే తక్కువ. పాలమూరు పల్లెలో ఆ దశాబ్దపు మార్పు ఒక పంట రూపంలో వచ్చింది.

అంతకుముందు పాలమూరు చెలకల్లో జొన్న, సజ్జ, కొర్ర, కంది, ఆముదం పండేవి. ఇంట్లోకి తిండి, మిగిలితే బజారుకు. వేరుశనగ అలా ఇంటికోసం పుట్టిన పంట కాదు. అమ్మడానికే వేసే పంట. ఎర్రనేలలో, తక్కువ వానలో కూడా పండుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మీటర్ గేజి రైలు సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్ మీదుగా గద్వాల దాకా వచ్చింది. తర్వాత తుంగభద్ర దాటి కర్నూలు వైపు సాగింది. జడ్చర్లలో, మదనాపురం దగ్గరున్న వనపర్తి రోడ్డు స్టేషన్లో, గద్వాలలో గూడ్సు బండికి ఎక్కించడానికి బస్తాలు పేరుకున్నాయి. అక్కడినుంచి మద్రాసు, బొంబాయి రేవులు, అక్కడినుంచి ఫ్రాన్సు. మార్సేల్స్ నూనె మిల్లులు, సబ్బు ఫ్యాక్టరీలు భారతదేశపు వేరుశనగకు పెద్ద గిరాకీదార్లు.

రైతుకు ఈ పంటతో చేతికి రొక్కం వచ్చింది. రొక్కం ఎందుకు కావాలంటే సర్కారు శిస్తు రొక్కంలో కట్టాలి గనక. రివెన్యూ బందోబస్తులో ఎకరాకు ఇంతని కట్టిన శిస్తు పంట ధరతో పాటు పెరగదు, తగ్గదు. పైగా ఇక్కడి రూపాయి వేరు. నిజాం ఉస్మానియా సిక్కా, వాడుకలో హాలీ రూపాయలు ఏడైతే బ్రిటిష్ రూపాయలు ఆరు. తుంగభద్ర అవతల కర్నూలు బ్రిటిష్ ఇలాకా, ఇవతల గద్వాల మొగలాయి ఇలాకా. సరుకు హద్దు దాటాలంటే కరోడ్‌గిరీ నాకాలో సుంకం కట్టాలి. మార్సేల్స్ ధర, రేవు దగ్గరి దళారి, రైలు కిరాయి, సుంకం, హాలీకి బ్రిటిష్ రూపాయికి మధ్య మారకం, ఊరి షావుకారు తూకం, ఇన్ని మెట్లు దిగి వచ్చాక మిగిలింది రైతు ధర. ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరు తమ వంతు తీసుకున్నాకే మిగతాది కిందికి వచ్చేది.

ధర పడ్డప్పుడు మాత్రం ఆ మెట్లన్నీ దాటి నష్టమంతా ఒకేసారి రైతు గుమ్మంలోకి వచ్చింది. 1914ను 100గా పెట్టి లెక్కగట్టిన కలకత్తా టోకు ధరల సూచీ 1929లో 141. 1933లో 87. ఇది అన్ని సరుకుల సగటు. వ్యవసాయ సరుకులు ఇంతకన్నా ఎక్కువగా పడ్డాయి, వేరుశనగ ధర సగానికి దిగింది. అమెరికా 1930 జూన్‌లో స్మూట్–హాలీ చట్టంతో సుంకాలు పెంచి తలుపులు మూసుకుంది. మిగతా దేశాలూ అదే పని చేశాయి. ఫ్రాన్సు తన వలస దేశమైన సెనెగల్ వేరుశనగకు మొగ్గు చూపింది. దీంతో మన కాయకు ఉన్న బజారే సన్నబడింది.

ఒక రైతు లెక్క వేసి చూద్దాం. ఇది ఏ ఒక్కరి ఖాతా కాదు, ఆనాటి లెక్క నడిచిన తీరు. నిరుడు పది పల్లాల బుడ్డలు అమ్మితే శిస్తు కట్టి, విత్తనం బాకీ తీర్చి, పండుగకు బట్టలు కొనగా చేతిలో కొంత మిగిలింది. ఈ ఏడు అదే పది పల్లాలకు సగం రొక్కం. శిస్తు తగ్గలేదు. షావుకారు కాగితం మీద రాసుకున్న అసలు తగ్గలేదు, వడ్డీ తగ్గలేదు. అంటే బాకీ రూపాయల్లో అంతే ఉన్నా బుడ్డల్లో రెట్టింపు అయింది. బజారు ధర సగమైతే అప్పు రెండింతలవుతుందన్న సంగతి ఆ తరం రైతులకు ఏ అర్థశాస్త్రమూ చెప్పలేదు. కల్లంలోనే తెలిసింది.

గింజల అప్పు మరీ ఘోరం. విత్తనాల కాలంలో పుట్టెడు జొన్నలు తీసుకుంటే పంట రాగానే పుట్టెడున్నరకు కొలిచి ఇవ్వాలి. ఊళ్ళలో దీన్ని నాగు అనేవాళ్ళు. ఆరు నెలలకు నూటికి యాభై. నాగు తీరకపోతే మళ్ళీ దాని మీద నాగు. రెండేళ్ళు వరసగా ధర పడితే, మధ్యలో ఒక ఏడు వాన తప్పితే, చేను షావుకారు పేరుకో దేశ్‌ముఖ్ పేరుకో మారడానికి ఇంకేమీ అక్కర్లేదు. చాలా చోట్ల రైతు అదే చేలో కౌలుదారై దున్నాడు. నిన్న పట్టాదారు, ఇవాళ కౌలుదారు, రేపు జీతగాడు. ఆ మూడు మెట్లూ ఒకే మనిషి ఒకే దశాబ్దంలో దిగిన కుటుంబాలు పాలమూరులో ఎన్నో ఉన్నాయి.

భూమి పోకముందు ఒంటి మీది బంగారం పోయింది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణం వదిలేసింది. రూపాయల్లో బంగారం ధర పెరిగింది. అప్పుల్లో మునిగిన పల్లెలు నగలు అమ్మడం మొదలుపెట్టాయి. 1931–32 ఒక్క సంవత్సరంలో భారతదేశం నుంచి ఎగుమతి అయిన బంగారం విలువ దాదాపు 58 కోట్ల రూపాయలు. మరుసటి ఏడు ఇంకా ఎక్కువ. బొంబాయి రేవులో ఓడలెక్కిన ఆ బంగారాన్ని లండన్ పత్రికలు భారతదేశపు సంపదగా మెచ్చుకున్నాయి. అందులో పుస్తెలు, గుండ్ల పేర్లు, కమ్మలు ఉన్నాయి. తల్లి కూతురికిచ్చినవి, అత్త కోడలికి పెట్టినవి. చరిత్ర పుస్తకాలు దీన్ని ‘ఆపద బంగారం’ అన్నాయి. ఆ పేరు సరిగ్గా సరిపోయింది.

కోటల్లో ఎవరున్నారు?

ఈ దెబ్బ తగిలిన వేళ గద్వాల, వనపర్తి సంస్థానాలు రెండూ దొరల కొరతలో ఉన్నాయి. నిజాం రాజ్యంలో పద్నాలుగు సంస్థానాలుంటే వాటిలో పెద్దవి, పేరున్నవి పాలమూరులోనే ఉన్నాయి. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలుపేట. వనపర్తి రాజా రెండో రామేశ్వరరావు 1922లో పోయారు. వారసులు పసివాళ్ళు, అజమాయిషీ నిజాం సర్కారు చేతికి వెళ్ళింది. తర్వాత రాజకీయాల్లో, దౌత్యంలో, పుస్తక ప్రచురణలో పేరు తెచ్చుకున్న మూడో రామేశ్వరరావు 1923లో పుట్టారు. గద్వాలలో రాజా సీతారామభూపాలుడు 1924లో మరణించారు. రాణి ఆదిలక్ష్మీదేవమ్మ సంస్థానం కోసం నిజాం సర్కారుతో పోరాడి నిలబెట్టుకుని చివరిదాకా ఏలారు. ‘విద్వద్గద్వాల’ అన్న పేరు ఉత్తగా రాలేదు. పండితులను, కవులను పిలిచి సన్మానించే ఆనవాయితీని ఆమె వదలలేదు. గద్వాల నేత చీరెకు, నూలు ఒంటికి పట్టు అంచు కుట్టినట్టు కలిపి నేసే ఆ నేర్పుకు, రాజకుటుంబం కొనుగోలుదారుగా, పోషకురాలిగా నిలిచింది.

ఆ ఘనతను తగ్గించి చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ సంస్థానపు రైతు మీద ఇద్దరు దొరలున్నారన్నది మరవకూడదు. సంస్థానం నిజాంకు పేష్కషు కట్టాలి. ఆ పేష్కషు, కోట ఖర్చు, పండిత సన్మానం, పటేలు పట్వారీల మామూలు, అన్నీ చివరికి అదే చెలకల నుంచి రావాలి. 1930ల్లో ఆ చెలకలకు ధర లేదు. జపాను నుంచి వచ్చిన చౌక బట్ట, కృత్రిమ పట్టు నూలు దేశమంతా మగ్గాలను కుంగదీస్తున్నాయి. పెళ్ళికి గద్వాల చీరె కొనే ఇళ్ళు కూడా ఆ ఏళ్ళలో కొనుగోళ్ళు వాయిదా వేసుకున్నాయి. నేతగాడికీ రైతుకూ ఒకే షావుకారు పద్దు పుస్తకం.

కాన్సాస్ గోధుమ రైతులు, నాగర్‌కర్నూలు బోధకులు

అమెరికా కష్టానికీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఊళ్ళకూ ధర ఒక్కటే లంకె కాదు. ఇంకో సూటి లంకె ఉంది. పాలమూరు చరిత్రలో దాన్ని చాలామంది విడిచిపెట్టారు.

1874 ప్రాంతంలో రష్యా రాజ్యం నుంచి జర్మన్ మాట్లాడే కొన్ని వేల రైతు కుటుంబాలు అమెరికా చేరాయి. మెన్నొనైట్లు. క్రైస్తవుల్లో ఆయుధం పట్టకూడదనే నియమం ఉన్నవాళ్ళు. కాన్సాస్, నెబ్రాస్కా, మిన్నెసోటా మైదానాల్లో స్థిరపడ్డారు. తమ వెంట తెచ్చుకున్న ‘టర్కీ రెడ్’ గోధుమతో కాన్సాస్‌ను గోధుమ రాష్ట్రంగా మార్చడంలో వాళ్ళకు పెద్ద చెయ్యి ఉంది. వాళ్ళలో మెన్నొనైట్ బ్రదరెన్ అనే శాఖ 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులను, ఎలిజబెత్ న్యూఫెల్డ్‌ను హైదరాబాదు పంపింది. కొద్ది ఏళ్ళకే నాగర్‌కర్నూలులో, ఆ తర్వాత వనపర్తిలో, దేవరకొండలో, కల్వకుర్తిలో మిషన్ స్టేషన్లు వెలిశాయి. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1945లో శంషాబాదులో కన్నుమూసేదాకా తెలుగు పల్లెల్లోనే వైద్యం చేశారు. గద్వాల, మహబూబ్‌నగర్ మాత్రం అమెరికన్ బాప్టిస్టుల క్షేత్రాలు.

ఈ మిషన్ల నీడకు వచ్చినవాళ్ళు ఎక్కువగా మాదిగలు, మాలలు. పల్లెల్లో బడి గడప తొక్కనివ్వని పిల్లలకు మిషన్ బోర్డింగులో పలక దొరికింది. రాజ్యంలో 1931 నాటికి చదవను రాయను వచ్చినవాళ్ళు నూటికి ఐదుగురి చుట్టూ ఉన్నారు. దళిత వాడల్లో అదీ లేదు. అలాంటి చోట ఒక కుర్రాడు చదువుకుని బోధకుడై, పంతులై, పక్క ఊరికి జీతం మీద వెళ్ళడం చిన్న మార్పు కాదు. దొర ఇంటి జీతానికి, వెట్టికి బయట, నెలకు ఇంతని రొక్కం వచ్చే మొదటి ఉద్యోగాల్లో అది ఒకటి. మతం మార్పిడి మీద ఎవరి అభిప్రాయం వారికుంటుంది. ఆ జీతం అర్థం మాత్రం ఆ వాడకు బాగా తెలుసు.

ఆ జీతం ఎక్కడినుంచి వచ్చేది? కాన్సాస్, ఓక్లహోమా రైతులు ఆదివారం గుడిలో వేసిన చందా నుంచి. ఆ రైతుల గోధుమ బుషెలు ధర 1919లో రెండు డాలర్ల పైన. 1929లో ఒక డాలరు చుట్టూ. 1932లో 38 సెంట్లు. యుద్ధకాలపు ధరలు చూసి అప్పు చేసి భూమి, ట్రాక్టర్లు కొన్నవాళ్ళు బ్యాంకుకు చిక్కారు. 1933 నాటికి దేశంలో వేల బ్యాంకులు మూతపడ్డాయి. పనిచేయగలవాళ్ళలో నలుగురికి ఒకరు ఖాళీగా ఉన్నారు. ఆపైన వాన ఎగ్గొట్టింది. ఎడాపెడా దున్ని గడ్డి వేళ్ళు తెగిన నేల గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14న మైదానాల మీదకు వచ్చిన దుమ్ము తుఫాను పట్టపగలు చీకటి చేసింది. ఓక్లహోమా, కాన్సాస్, టెక్సాస్ పల్లెల నుంచి జనం సామాను కట్టుకుని కాలిఫోర్నియా దారి పట్టారు. పాలమూరు మనిషికి ఆ దృశ్యం వివరించి చెప్పనక్కర్లేదు.

ఆ ఏళ్ళలో అమెరికాలోని ప్రొటెస్టంటు మిషన్ సంఘాలకు చందాలు పడిపోయాయి. ఆ కోత సముద్రం దాటి తెలుగు పల్లె బోధకుడి జీతం దాకా, బోర్డింగు పిల్లల గింజల దాకా వచ్చింది. బాప్టిస్టులు డబ్బు చాలక 1937లో మహబూబ్‌నగర్, గద్వాల క్షేత్రాలను మెన్నొనైట్ బ్రదరెన్‌కు అప్పగించారు. నగరాల్లో పెద్దపెద్ద చర్చిలున్న సంఘం చేతులెత్తేస్తే, దుమ్ములో ఉన్న రైతుల సంఘం దాన్ని ఎత్తుకుంది. పొదుపుగా బతికే అలవాటే వాళ్ళను నిలబెట్టిందని నేననుకుంటున్నాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అలా ఒకే మిషన్ కిందికి వచ్చాయి. ఈనాటికీ ఈ జిల్లాల్లో ఎం.బి. చర్చిలు అంత విరివిగా ఉండడానికి ఆర్థిక మాంద్యమూ ఒక కారణం.

ఇంకో సంగతి కూడా పక్కనే పెట్టి చూడాలి. కాన్సాస్ మనుషులు నాగర్‌కర్నూలులో ఇల్లు కట్టుకుని ఉండగా, నాగర్‌కర్నూలు మనిషి అమెరికా పౌరుడు కావడానికి దారి లేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం లేదని తేల్చింది. 1924 వలస చట్టం తలుపు గడియపెట్టింది. ఆ మెన్నొనైట్లు కూడా తమ దేశంలో అవమానం ఎరగనివాళ్ళేం కాదు. మొదటి యుద్ధంలో జర్మన్ మాట్లాడతారని, తుపాకి పట్టరని కాన్సాస్‌లో వాళ్ళ ఇళ్ళకు, గుళ్ళకు పసుపు రంగు పూశారు.

అప్పు ఎవరి సమస్య?

అమెరికా, పాలమూరు రెండూ ఒకే ఏళ్ళలో ఒకే ధర చేతిలో దెబ్బతిన్నాయి. ఆ తర్వాత విడిపోయింది ఎక్కడంటే, అప్పు ఎవరి సమస్య అన్న ప్రశ్న దగ్గర. 1933 మార్చిలో రూజ్‌వెల్టు అధ్యక్షుడయ్యాక రైతు తనఖాలను ప్రభుత్వ సంస్థల ద్వారా తక్కువ వడ్డీకి మార్చడం మొదలైంది. ఊళ్ళో కుర్రాళ్ళకు అడవుల్లో, కాలువల మీద, చెట్ల పెంపకంలో పని పెట్టారు. సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే ఆ పథకంలో నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి పంపేవారు. దాదాపు 30 లక్షల మంది కుర్రాళ్ళు అందులో పనిచేశారు. టెన్నెసీ లోయలో ఆనకట్టలు కట్టి పల్లెలకు కరెంటు ఇచ్చారు. 1935లో అమెరికా రైతు ఇళ్ళలో పదింట ఒకదానికే కరెంటు ఉండేది.

దాన్ని స్వర్గంగా చూపించడం తప్పవుతుంది. పత్తి ధర పెంచడానికి 1933లో కోటి ఎకరాల పత్తిని దున్నేయించి భూయజమానికి పరిహారం ఇచ్చారు. దక్షిణాదిలో ఆ చెక్కు దొర జేబులోకి వెళ్ళింది. పాలుకు చేసే నల్లజాతి, పేద తెల్లజాతి కుటుంబాలను పొలం నుంచి వెళ్ళగొట్టారు. దాని మీద అర్కాన్సాలో 1934లో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి కౌలుదార్ల సంఘం పెట్టుకున్నారు. గద్వాల కౌలుదారుకు ఆ కథ చెబితే వెంటనే పోల్చుకుంటాడు.

హైదరాబాదులో మాత్రం అప్పు రైతుకూ షావుకారుకూ మధ్య సొంత వ్యవహారంగానే చాలాకాలం ఉండిపోయింది. ఆర్థిక మంత్రిగా అక్బర్ హైదరీ ఖజానా లెక్కలు చక్కదిద్దారు, మిగులు నిధులు కూడబెట్టారు. 1930 ఏప్రిల్‌లో రాజ్యం రైల్వేను కొనుక్కుంది. మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ 1931 నాటికి తయారైంది. కృష్ణ గద్వాలకూ వనపర్తికీ మధ్య నుంచి, తుంగభద్ర అలంపురం పక్కనుంచి పారుతూనే ఉన్నాయి. నడిగడ్డ పొలాలకు వాటి చుక్క ఎక్కలేదు. జూరాల ఆనకట్ట పూర్తయ్యేసరికి 1990లు వచ్చాయి. రెండు నదుల మధ్య నేల మీద చెరువు నిండితే పంట, లేకపోతే వలస.

నిజాంసాగర్ నుంచి నాగార్జునసాగర్ దాకా పాలమూరు కూలీ చెయ్యి పడని కట్ట లేదని మన వైపు పెద్దలు చెబుతారు. మట్టిపనిలో పాలమూరు జోడీకి, అంటే ఆలుమగలకు, ఉన్న పేరు దేశమంతా తెలుసు. ఆ నేర్పు పుట్టుకతో వచ్చిందని కొందరు రాస్తుంటే బాధ కలుగుతుంది. చేలు చేజారిన ఏళ్ళే జనాన్ని పారా, గంప పట్టించాయి. గుంపు మేస్త్రీ ముందుగా ఇంటికి కొంత రొక్కం ఇస్తాడు. దాంతో షావుకారు వడ్డీ తీరుతుంది. ఆ రొక్కం తీరేదాకా జోడీ మేస్త్రీ వెంట వెళ్ళి పనిచేయాలి. ఈ పద్ధతి తర్వాతి దశాబ్దాల్లో స్థిరపడినా, దానికి మన్ను తవ్వింది మాంద్యపు అప్పులే అన్నది నా అభిప్రాయం. అమెరికా కుర్రాడు ముందు పనిచేసి తర్వాత ఇంటికి 25 డాలర్లు పంపాడు. పాలమూరు జోడీ ముందు డబ్బు తీసుకుంది, ఆ డబ్బు వెనకే తాను పోయింది.

నిజాం సర్కారు అసలు కదల్లేదని కాదు. ఆర్థికవేత్త ఎస్. కేశవ అయ్యంగార్ చేత 1929–30లో పల్లెల ఆర్థిక పరిశీలన చేయించింది. ఆ సంపుటాలు ఇప్పటికీ విలువైనవి. మాంద్యం తొలి ఏళ్ళ పల్లె స్థితి మనకు తెలిసింది చాలావరకు వాటివల్లే. జీతగాళ్ళను తరాలకు తరాలు బాకీతో కట్టేసే భగేలా పద్ధతి మీద 1936లో నిబంధనలు వచ్చాయి. అప్పుల మీద భరూచా నివేదిక 1937లో వచ్చింది. ఆ తర్వాత వడ్డీ వ్యాపారుల మీద, అప్పుల సర్దుబాటు మీద, భూమి చేతులు మారడం మీద చట్టాలు వచ్చాయి. అన్నీ ధర పడ్డ ఐదారేళ్ళ తర్వాత వచ్చినవే. అమలు చేయాల్సింది పటేలు, పట్వారీ. వాళ్ళలో చాలామంది తామే అప్పులిచ్చేవాళ్ళు, తామే జీతగాళ్ళను పెట్టుకున్నవాళ్ళు.

పత్రిక, హాస్టలు, సభ

అయినా ఆ దశాబ్దంలో పాలమూరు మెదడు నిద్రపోలేదు. గద్వాల సంస్థానపు పల్లె ఇటికాలపాడు వాడైన సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న హైదరాబాదులో ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టారు. ఆయన వెనక నిలిచిన కొత్వాలు రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పుట్టింది వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో. నగర పోలీసుకు అధిపతైన ఆయన 1918లో నెలకొల్పిన రెడ్డి హాస్టల్ పల్లె పిల్లలు రాజధానిలో చదువుకోడానికి నీడయింది. తర్వాతి కాలపు తెలంగాణ నాయకుల్లో ఎందరో ఆ గదుల్లో ఉన్నవాళ్ళే.

సభ పెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 నడుస్తున్న రోజులవి. తెలుగులో మాట్లాడబోతే సభలో ఎగతాళి చేశారన్న అవమానంతో 1921లో ఆంధ్ర జన సంఘం పుట్టింది. అది 1930 మార్చిలో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది. మొదటి అధ్యక్షుడు సురవరమే. ధరలు కూలిన మొదటి వేసవిలోకి అడుగుపెడుతున్న నెల అది. మరుసటి ఏడు దేవరకొండలో అధ్యక్షుడు కల్వకుర్తి పక్క పడకల్లులో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు. 1936లో సభ పాలమూరు జిల్లాలోని షాద్‌నగర్‌కే వచ్చింది, కొండా వెంకటరంగారెడ్డి అధ్యక్షుడు. వెట్టి, చదువు, గ్రంథాలయాలు, ఆడపిల్లల బడి, ఇవే సభల్లో మాటలు. మొదటి సభలోనే పక్కన మహిళా సభ జరిగింది, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. ఈ సభల్లో రైతు అప్పు గురించిన గొంతు 1930ల్లో నేను అనుకున్నంత గట్టిగా వినపడదు. సభ నడిపినవాళ్ళు వకీళ్ళు, పట్టాదార్లు. కౌలుదారు, జీతగాడు ఆ వేదిక ఎక్కడానికి 1940లు రావాలి.

దళితుల మాటను అంతకుముందే వినిపించినవాడు హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ. ఆయన ఉద్యమం ఫలితంగా 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం వాళ్ళను ‘ఆది హిందువులు’ అన్న పేరుతో లెక్కగట్టింది. అప్పటికి అమెరికాలో దక్షిణాది పత్తి చేలు విడిచి ఉత్తరాది పట్టణాలకు వెళ్ళిన నల్లజాతి జనం 15 లక్షలకు పైగా ఉన్నారు. ఇక్కడ ఊరు విడవలేనివాళ్ళు పేరు మార్చుకుని, బడి చేరి, కొందరు మతం మారి తమ దారి వెతుక్కున్నారు.

తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చింది 1934లో. మాంద్యం అట్టడుగున ఉన్న ఏడు అది. అచ్చు కాగితం ఖరీదు, చందాదార్ల బాకీలు, సర్కారు అనుమానపు చూపు, అన్నిటి మధ్యా ఊరూరికీ ఉత్తరాలు రాసి పద్యాలు రప్పించారు. బుడ్డలు సగం ధరకు అమ్మిన జిల్లాల నుంచే ఆ పద్యాల్లో చాలా వచ్చాయి.

1939 సెప్టెంబరులో యూరపులో మళ్ళీ యుద్ధం మొదలైంది. రేవుల్లో సరుకు కదిలింది, నూనెగింజల ధర మెల్లగా లేచింది. జడ్చర్ల, గద్వాల స్టేషన్లలో బస్తాలు మళ్ళీ పేరుకున్నాయి. ఆ బస్తాల మీది పేర్లు మాత్రం చాలావరకు మారిపోయాయి. పదేళ్ళ కింద సొంత చేలో పెరికినవాళ్ళు ఇప్పుడు షావుకారు చేలో కూలికి పెరుకుతున్నారు. ధర పెరిగిందని తెలిసేలోపే లెవీ ధాన్యం కోసం గిర్దావరు ఊళ్ళోకి వచ్చాడు.

(వచ్చే భాగం: లెవీ గింజలు, 1940ల పాలమూరు)